బుక్‌మార్కులు పక్కనపెట్టు, ముందు వీళ్ళని చదువు

చిరంజీవి శ్రావ్యకి పిన్ని ఆశీస్సులు.

ఫ్రంటెండ్ (అంటే వెబ్‌పేజీలో మనిషికి కనిపించే భాగం కట్టడం) నేర్చుకోవడానికి ఏ బ్లాగులు ఫాలో అవ్వాలో లిస్టు పంపమన్నావు. లిస్టులకేం కరువు? నెట్‌లో వెతికితే ‘టాప్ 50’ అంటూ బోలెడు దొరుకుతాయి, చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్నవే. అలాంటివి నువ్వు ఇప్పటికే బుక్‌మార్క్ చేసి పెట్టుకుని, ఒక్కటీ తెరవకుండా టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అందుకే ఎవర్ని ఎప్పుడు చదవాలో, ఎందుకు చదవాలో నాకు తోచినట్టు రాస్తున్నాను. బ్లాగుని టాపిక్ చూసి ఎంచుకోకు, రాసే మనిషిని చూసి ఎంచుకో. అనుభవం ఉన్న ఇంజినీరు ఒక చిక్కుని ఎలా విప్పుతాడో పక్కన కూర్చుని చూసే అవకాశం మన కాలేజీల్లో దొరకదు, అమీర్‌పేట కోచింగుల్లో అసలే దొరకదు. మంచి బ్లాగు ఇచ్చేది అదే. అలాంటివాళ్ళు నలుగురైదుగురు దొరికితే ఏడాదికి సరిపడా చదువు.

అయితే అక్షరాభ్యాసం బ్లాగుల్లో చెయ్యకు. దానికి ఇల్యా కాంటోర్ రాసిన జావాస్క్రిప్ట్ డాట్ ఇన్ఫో ఉంది. ఉచితం, వరసగా పాఠాలు, పాఠాల చివర చెయ్యడానికి చిన్న చిన్న ప్రశ్నలు. క్లోజర్లు (పుట్టినచోటి విలువల్ని గుర్తుంచుకునే ఫంక్షన్లు), ప్రోటోటైపులు, ప్రామిస్‌లు (తర్వాత రాబోయే ఫలితానికి హామీలు) దాకా అక్కడే చెయ్యి, ప్రశ్నలు ఎగ్గొట్టకుండా. పక్కన ఎం.డి.ఎన్. ఎప్పుడూ తెరిచి ఉంచుకో, వెబ్ భాషలకి అది నిఘంటువు లాంటి సైటు. 2005లో మొజిల్లా మొదలుపెట్టింది, 2017లో మైక్రోసాఫ్ట్, గూగుల్, శాంసంగ్ కూడా వచ్చి చేరాయి. ఇప్పుడు మా ఆఫీసులో ఏ వాదన వచ్చినా ఆఖరికి తీర్పు కోసం వెళ్ళేది అక్కడికే. పేజీ కింద, ఆ ఫీచర్ ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పట్టిక ఉంటుంది. అది చూడటం ఇప్పుడే అలవాటు చేసుకో. ‘ఇది సఫారీలో నడుస్తుందా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా నీళ్ళు నమలడం చూశాను.

ఇక మనుషుల సంగతి. మొదట జేక్ ఆర్చిబాల్డ్. 2015లో టాస్కులు, మైక్రోటాస్కుల మీద, అంటే బ్రౌజర్ పనుల్ని ఏ వరసలో చేస్తుందన్నదాని మీద, అతను రాసిన వ్యాసం ఒకటుంది. చాలా చిన్న కోడ్‌తో మొదలవుతుంది. పైన ఒక కన్సోల్ లాగ్ (ఒక మాట ప్రింట్ చేసే లైను), తర్వాత సున్నా మిల్లీసెకన్లు ఇచ్చి ఒక సెట్‌టైమౌట్ (ఇంతసేపయ్యాక ఈ పని చెయ్యమనడం), ఆ కింద అప్పటికే రిజాల్వ్ అయిపోయిన, అంటే ఫలితం వచ్చేసిన, ప్రామిస్‌కి రెండు దెన్‌లు (ఫలితం వచ్చాక చెయ్యాల్సిన పనులు), చివర్లో ఇంకో కన్సోల్ లాగ్. ఏది ముందు ప్రింటవుతుంది? సెట్‌టైమౌట్ పైన ఉంది, పైగా సున్నా ఇచ్చాం, కాబట్టి ప్రామిస్ కన్నా అదే ముందు రావాలనిపిస్తుంది. రాదు. మొదటి లాగ్, చివరి లాగ్, తర్వాత రెండు దెన్‌లు, అన్నీ అయ్యాక సెట్‌టైమౌట్. ఎందుకంటే నడుస్తున్న స్క్రిప్టు ముగియగానే బ్రౌజర్ మైక్రోటాస్కుల క్యూ మొత్తం ఖాళీ చేసి, అప్పుడు గానీ తర్వాతి టాస్కు ముట్టుకోదు. దెన్‌లు వెళ్ళేది మైక్రోటాస్కుల్లోకి, సెట్‌టైమౌట్ వెళ్ళేది మామూలు టాస్కుల్లోకి.

ఈ నాలుగు ముక్కలు నేనూ చెప్పగలిగాను కదా, మరి అతని గొప్పేంటి? ఒక్కో అడుగూ నువ్వే నొక్కుతూ వెళ్తుంటే ఏ క్యూలో ఏముందో నీ కళ్ళముందు కదిలేలా బొమ్మ కట్టాడు. అప్పటి బ్రౌజర్లలో ఏవి వరస తప్పుతున్నాయో కూడా పరీక్షించి చూపించాడు. స్పెసిఫికేషన్ ఏం చెబుతోంది, బ్రౌజర్ ఏం చేస్తోంది, రెండింటికీ తేడా ఎక్కడుంది అని వెతకడం ఉంది చూడు, నువ్వు పట్టుకోవాల్సింది అది. ఆ కోడ్‌ని కాపీ చెయ్యకుండా కన్సోల్‌లో చేత్తో టైప్ చెయ్యి. రన్ చేసేముందు జవాబు కాగితం మీద రాసుకో. ఇంటర్వ్యూల్లో ఇది ఇప్పటికీ అడుగుతారు. బట్టీ పట్టినవాళ్ళు మధ్యలో ఒక్క అవైట్ (ప్రామిస్ ఫలితం కోసం ఆగమనే మాట) పెట్టగానే దొరికిపోతారు.

పేజీకి రూపురేఖలిచ్చే సి.ఎస్.ఎస్.ని చిన్నచూపు చూడకు. జావాస్క్రిప్ట్ వస్తే ఇంజినీరు, సి.ఎస్.ఎస్. వస్తే ‘రంగులు మార్చే అమ్మాయి’ అనే లెక్క మన టీముల్లో ఇంకా పోలేదు. జాష్ కోమో బ్లాగు తెరిచి ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెల్ని వరసలో సర్దే పద్ధతి) మీద రాసింది చదువు. స్లైడర్లు పక్కకి జరుపుతూ ఉంటే పెట్టెలు పెరగడం, కుంచించుకోవడం అక్కడికక్కడే కనిపిస్తుంది. ఎంత కుదించినా ఒక ఇన్‌పుట్ పెట్టె ఒకచోట మొండికేసి బయటికి పొంగుతుంది చూడు, దానికి కారణం దాని కనీస వెడల్పు అనీ, మిన్-విడ్త్ సున్నా చేస్తే దారికొస్తుందనీ అతను చూపించే తీరు బాగుంటుంది. ఆ తర్వాత అహ్మద్ షదీద్. లేఅవుట్ విరిగిపోయే సందర్భాలన్నీ ముందే ఊహించి సి.ఎస్.ఎస్. రాయడం అతని దగ్గర నేర్చుకోవాలి. పేరు పొడవైతే ఏమవుతుంది, బొమ్మ లోడ్ కాకపోతే ఏమవుతుంది, ఇలాంటివి. డిజైనర్ ఇచ్చిన కార్డులో ‘జాన్ డో’ అని చక్కగా సరిపోతుంది. అదే పెట్టెలో మీ తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా పెట్టి చూడు, అర్థమవుతుంది.

క్రిస్ కోయర్ 2007లో మొదలుపెట్టిన సి.ఎస్.ఎస్.-ట్రిక్స్ గురించి ఎవరైనా చెబుతారు. 2022లో డిజిటల్ ఓషన్ కొన్నాక కొంతకాలం చప్పబడింది, మళ్ళీ కదిలింది. దాన్ని రోజూ చదవక్కర్లేదు. ఫ్లెక్స్‌బాక్స్ గైడు, గ్రిడ్ (అడ్డం, నిలువు గళ్ళలో సర్దే పద్ధతి) గైడు మాత్రం ఎప్పుడూ చేతికందేలా ఉంచుకో.

రియాక్ట్ (పేజీని కాంపోనెంట్లు అనే ముక్కలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) దగ్గరికొస్తే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే పాతబడిపోయిన రాతలు అక్కడే ఎక్కువ. క్లాసులు లేకుండా మామూలు ఫంక్షన్లతోనే పని జరిపించే హుక్స్ వచ్చింది 2019 ఫిబ్రవరిలో. అంతకుముందు రాసిన వ్యాసాల్లో ఎక్కువగా క్లాస్ కాంపోనెంట్లే ఉంటాయి. ప్రాజెక్టుకి పునాది వేసిచ్చే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌తో మొదలుపెట్టమని చెప్పే ట్యుటోరియల్స్ కుప్పలుతెప్పలు. రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో కొత్త ప్రాజెక్టులకి దాన్ని వాడొద్దని చెప్పేసింది. ఇప్పుడైతే వీట్‌తో మొదలుపెట్టు. ఏ వ్యాసమైనా తెరవగానే ముందు తేదీ చూడు. తేదీ వెయ్యని బ్లాగుని నేనైతే నమ్మను. అలాగని పాతవన్నీ చెత్త అనుకోకు. భాష ఎలా నడుస్తుందో చెప్పే వ్యాసం పదేళ్ళయినా నిలుస్తుంది. ఏ టూల్ వాడాలో చెప్పేది రెండేళ్ళకే మూలపడుతుంది.

రియాక్ట్ అధికారిక డాక్స్ 2023లో పూర్తిగా తిరగరాశారు. ముందు అవి చదువు. తర్వాత, వాటిని రాసినవాళ్ళలో ముఖ్యుడైన డాన్ అబ్రమోవ్ సొంత బ్లాగు ఓవర్‌రియాక్టెడ్. యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ అయ్యాక చెయ్యాల్సిన పనులు పెట్టే హుక్) మీద 2019లో అతను రాసింది ఒక్కసారి కూర్చుంటే అయ్యే వ్యాసం కాదు, వారం పెట్టుకో. కౌంటర్‌ని ప్రతి సెకనుకీ పెంచమని ఎఫెక్ట్‌లో సెట్‌ఇంటర్వల్ పెట్టి, డిపెండెన్సీల ఎర్రే (ఏవి మారితే ఎఫెక్ట్ మళ్ళీ నడవాలో చెప్పే జాబితా) ఖాళీగా వదిలేస్తే ఆ కౌంటర్ ఒకటి దగ్గరే ఆగిపోతుంది. ప్రతి రెండర్‌కీ, అంటే కాంపోనెంట్ నడిచిన ప్రతిసారీ, తనదైన కౌంట్ ఉంటుంది. ఆ ఇంటర్వల్‌కి కనిపించేది ఎప్పటికీ మొదటి రెండర్‌లోని సున్నాయే, కాబట్టి ప్రతిసారీ సున్నాకి ఒకటి కలిపి ఒకటే రాస్తూ ఉంటుంది. ఇది రియాక్ట్ వింత కాదు, నువ్వు మొదట్లో చదివిన క్లోజరే. ఆ రెండూ ఒకటేనని తట్టిన రోజున నీకు సగం రియాక్ట్ వచ్చినట్టే. 2018 చివర్లో అతనే తనకి రాని విషయాల చిట్టా ఒకటి బ్లాగులో పెట్టాడు. అందులో ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ కూడా ఉన్నాయి! నిద్రపట్టనప్పుడు అది చదువుకో.

స్పీడు విషయంలో అలెక్స్ రస్సెల్‌ని చదవమంటాను. క్రోమ్‌లోనూ తర్వాత మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోనూ పనిచేసినవాడు. మాట చాలా కరుకు, నీకిష్టమైన ఫ్రేమ్‌వర్కుల్ని ఉతికి ఆరేస్తాడు, అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ ప్రపంచంలో ఎక్కువమంది చేతిలో ఉండేది చవక ఆండ్రాయిడ్ ఫోనే అని లెక్కలేసి చెప్పేది అతనే. అది మనకన్నా ఎవరికి బాగా తెలుసు? నువ్వు కాలేజీ లాప్‌టాప్‌లో చూసి మురిసిపోయే పేజీ, మీ నాన్న ఫోనులో బస్సులో ఉండగా తెరిస్తే ఎలా ఉంటుందో చూడు. ఒకే సైజున్న బొమ్మకన్నా జావాస్క్రిప్ట్ ఫైలే ఫోనుకి బరువు. బొమ్మని డీకోడ్ చేసి చూపిస్తే సరి. స్క్రిప్టుని పార్స్ చెయ్యాలి, కంపైల్ చెయ్యాలి, ఆపైన నడపాలి, అదీ ఎక్కువగా మెయిన్ థ్రెడ్ మీదే, అంటే నువ్వు నొక్కితే స్పందించాల్సిన దారిలోనే. కొలతల కోసం గూగుల్ వాళ్ళ వెబ్ డాట్ డెవ్ చూడు. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి అని అక్కడ వివరంగా ఉంటుంది. రెండోదాని పేరు ఐ.ఎన్.పి., 2024 మార్చిలో పాత కొలత ఎఫ్.ఐ.డి. స్థానంలో వచ్చింది. ఇంకా ఎఫ్.ఐ.డి. గురించే చెప్పే వ్యాసం పాతదని గుర్తుపట్టు.

యాక్సెసిబిలిటీకి, అంటే చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్ళు కూడా పేజీ వాడగలిగేలా చెయ్యడానికి, ఏడ్రియన్ రోసెల్లి, సారా సువైదాన్. పాత పోస్టుల్లోనే మార్పులు తేదీలతో సహా చేర్చుకుంటూ పోతాడు ఏడ్రియన్, అందుకే నమ్మొచ్చు. బటన్ ఉండగా డివ్‌కి (ఉత్త పెట్టెకి) ఆన్‌క్లిక్ తగిలించే అలవాటు నీకుంటే ఇద్దరూ మాన్పిస్తారు. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో దీనికి చట్టం అమల్లోకొచ్చింది, కాబట్టి హైదరాబాద్‌లో యూరప్ క్లయింట్లకి పనిచేసే టీములకీ ఇప్పుడిది అవసరమే.

కొత్త సంగతుల కోసం రోజూ ఎగబడకు. వారానికోసారి వచ్చే జావాస్క్రిప్ట్ వీక్లీ హెడ్డింగులు చూస్తే చాలు. భాషలో ప్రతి ఏటా జూన్‌లో వచ్చే మార్పులకి ఆక్సెల్ రౌష్‌మయర్ బ్లాగు టూఆలిటీ. ఈ పేర్లన్నీ ఫీడ్లీలాంటి ఆర్.ఎస్.ఎస్. రీడర్‌లో పెట్టుకో. వాళ్ళు రాసినప్పుడే నీకు కనిపిస్తాయి, రీల్స్ గొడవ ఉండదు. ‘ఏఐని అడిగితే చాలదా పిన్నీ’ అన్నావు. అడుగు, నేనూ అడుగుతాను. నువ్వు అడిగినదానికి అది జవాబిస్తుంది. అసలు ఏం అడగాలో తెలియాలంటే ముందు ఇలాంటివాళ్ళని చదివుండాలి.

ఆఖరికి ఒక పని అప్పజెబుతున్నాను. చదివినదాని మీద నువ్వూ ఒక బ్లాగు రాయి, గిట్‌హబ్ పేజెస్‌లో డబ్బు ఖర్చు లేదు. మొదటి పోస్టుకి విషయం నేనే ఇస్తాను. కన్సోల్‌లో ‘స్త్రీ’ అని రాసి దాని లెంగ్త్ అడుగు. ఒక్క అక్షరానికి 6 వస్తుంది. ఇంటర్వ్యూల్లో అడిగే స్ట్రింగ్ రివర్స్ కోడ్‌ని ‘తెలుగు’ మీద నడుపు, కొమ్ములు, ఎత్వాలు ఊడొచ్చి పక్క అక్షరాలకి అతుక్కుంటాయి. తర్వాత ఇంటల్ సెగ్మెంటర్ (మాటని కంటికి కనిపించే అక్షరాలుగా విడదీసే జావాస్క్రిప్ట్ సాధనం) వాడి చూడు. ‘తెలుగు’కి 3 వస్తుంది, ‘స్త్రీ’కి మాత్రం కొత్త బ్రౌజర్‌లో ఒకటి, పాతదాంట్లో మూడు రావచ్చు. ఎందుకో కనుక్కో. మన లిపి ఎలా కూడుకుంటుందో రిచర్డ్ ఇషిడా తన సైట్‌లో వివరంగా నోట్సు రాసి పెట్టాడు, అక్కడ మొదలుపెట్టు. లైన్-హైట్ (వరస ఎత్తు) తక్కువ పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటింది కనపడకుండా) చేస్తే కింది వొత్తులు ఎలా తెగిపోతాయో కూడా స్క్రీన్‌షాట్‌తో చూపించు. ఇది తెలుగులో రాసినవాళ్ళు పెద్దగా లేరు, నీ పోస్టు వెతుక్కుంటూ వస్తారు.

లింకు నాకు పంపు. చదివి, ఒప్పుకోని చోటల్లా కామెంట్లు పెడతాను, అలగొద్దు.

పిన్ని
హైదరాబాద్