జపాన్ పాప్ గాయని అకినా నకమోరి ‘ఫుషిగి’ ఆల్బంలో ఆమె గొంతు ఎందుకు సరిగా వినబడదు? రికార్డింగ్ లోపమా?

లోపం కాదు, కావాలని చేసిన పని. 1986 ఆగస్టులో ఈ ఆల్బం వచ్చినప్పుడు జపాన్‌లో కొన్నవాళ్లకూ ఇదే అనుమానం వచ్చింది.

‘ఫుషిగి’ అంటే వింత, అంతుపట్టనిది. ఆల్బం నిర్మాణ బాధ్యత అకినా స్వయంగా తీసుకుంది. పేరు వింత అయినప్పుడు శబ్దమూ వింతగానే ఉండాలన్నది ఆమె పట్టుదల. అందుకే గొంతును ముందుకు తేకుండా, ప్రతిధ్వనిలో ముంచి, వాయిద్యాల వెనక్కి నెట్టారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి: డ్రమ్స్, సింథసైజర్ చెవి పక్కనే మోగుతుంటాయి, ఆమె మాత్రం పక్కగదిలో తలుపు వేసుకుని పాడుతున్నట్టు ఉంటుంది. మాటలు పట్టుకోవాలని చూడకండి, గొంతును కూడా ఒక వాయిద్యం అనుకోండి. కొన్ని పాటలకు యూరాక్స్ అనే రాక్ బృందం పనిచేసింది. ఆ చీకటి వాతావరణంలో వాళ్ల వాటా పెద్దదే.

జపాన్‌లో ఐడల్ గాయని (కుర్రకారు ఆరాధించే పాప్ తార) అంటే ముఖం, గొంతు, హిట్ పాట. అప్పటికి అకినా వయసు 21. అంతకుముందు ఏడాదే జపాన్ రికార్డ్ అవార్డు అందుకుంది. అంత పేరున్న గాయని తన గొంతునే దాచేయడం, పైగా ఆల్బంలో ఒక్క సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) కూడా పెట్టకపోవడం మామూలు తెగింపు కాదు. అయినా అమ్మకాలు బాగానే సాగాయి.

మాటలు స్పష్టంగా వినాలనుకుంటే 1988 నాటి ఆమె రికార్డు ‘వండర్’ వెతకండి. ‘ఫుషిగి’ పాటలు కొన్ని అందులో కొత్త రూపంలో ఉన్నాయి. నాకైతే పాతదే ఇష్టం.