కుర్చీలో జారిపోతున్న బాబును ఎలా కూర్చోబెట్టాలి?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదు, తర్వాత సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు, కదలికలు అదుపులో లేకపోవడం) అని చెప్పారు. మెడ నిలవదు, కాళ్లు కత్తెరలా బిగుసుకుంటాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఛాతీకి చున్నీ కట్టినా జారిపోతున్నాడు. పడుకోబెట్టే తినిపిస్తున్నాం. ఏం చేయాలి?
- ఓ తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ చున్నీ కట్టడం మానేయండి. బాబు కిందికి జారినప్పుడల్లా అది పైకి వచ్చి మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. మెడ నిలవడం లేదని అందరూ తల దగ్గరే ప్రయత్నం మొదలుపెడతారు గానీ, నిలబెట్టవలసింది ముందు తుంటి భాగాన్ని. అది వెనక్కి వాలితే వెన్ను గూనిలా వంగి, దానితోపాటు తలా వాలిపోతుంది. పిరుదులను కుర్చీ వీపుకు పూర్తిగా ఆనించి, తొడలు పొత్తికడుపుతో కలిసే మడత మీదుగా, సీటుకు సుమారు 45 డిగ్రీల వాలులో బెల్టు పెట్టాలి. తుంటి, మోకాలు, చీలమండ దాదాపు 90 డిగ్రీల్లో ఉండాలి; కీళ్లు అంతగా వంగకపోతే బలవంతం చేయవద్దు. పాదాల కింద పీట వేయండి.

పెద్దవాళ్ల కుర్చీలో సీటు లోతు ఎక్కువ కాబట్టి, వీపు ఆనాలంటే బాబు ముందుకు జారక తప్పదు. మోకాలి వెనుక మడతకూ సీటు అంచుకూ మధ్య మీ రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటే లోతు సరిపోయినట్టు. కాళ్లు ముడిపడకుండా మోకాళ్ల మధ్య తువ్వాలు చుట్ట పెట్టవచ్చు, కానీ జారకుండా ఆపడానికని దాన్ని తొడల మూలం దాకా నెట్టకూడదు.

పడుకోబెట్టి తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తగిన కుర్చీ దొరికేవరకు ఒళ్లోనే నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టి, చెంచాను ఎదురుగా, కింది నుంచి అందించండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.

కుర్చీలో మొదట్లో 15-20 నిమిషాలు కూర్చోబెడితే చాలు. లేపాక పిరుదులు, వెన్ను చూడండి. ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే అక్కడ ఒత్తిడి పడుతోందని అర్థం. ఇలాంటి పిల్లల్లో తుంటి కీలు నొప్పి తెలియకుండానే పక్కకు జరగవచ్చు కాబట్టి 6-12 నెలలకోసారి ఎక్స్‌రే తీయించాలి.

ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం ఉంటే, దివ్యాంగులకు ఉపకరణాలు అందించే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద, ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసే సీపీ (సెరెబ్రల్ పాల్సీ) చైర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడగండి. అయితే కుర్చీ ఇచ్చారు కదా అని అలాగే ఇంటికి తెచ్చుకోకండి. కొలతలు కుదరని కుర్చీలు బట్టలు ఆరేసుకోవడానికి మిగిలిపోవడం నేను చూశాను. బాబును అక్కడే కూర్చోబెట్టి, ఫిజియోథెరపిస్టుతో బెల్టు, పాదపీఠం సరిచేయించుకుని తీసుకెళ్లండి. ఎదిగే వయసు కనుక ఆరు నెలలకోసారి మళ్లీ కొలిపించండి.