గంగడోలు సంగతి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. నువ్వు సేకరించిన పాటలు బాగున్నాయి. వాటి గురించి నువ్వు చెప్పిన మాటల దగ్గరే పేచీ.

"పల్లెల్లో పాడుకునే పాటే జానపద గేయం" అని మొదలుపెట్టావు. మా ఊరి రామాలయంలో రోజూ పొద్దున్నే మైకులో అన్నమయ్య కీర్తన వేస్తారు, ముసలమ్మలు గొంతు కలుపుతారు. అదీ జానపదమేనా? హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కింద బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేది కాకుండా పోతుందా?

ఈ రెండు తప్పులకీ మనవాళ్ళు ఎప్పుడో పేర్లు పెట్టారు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహానికి తానే రాసుకున్న వ్యాఖ్యానం దీపికలో, నిర్వచనం ఎలా తప్పుతుందో ఆవుని తీసుకుని చెబుతాడు. ఆవంటే కపిల రంగుది అన్నామనుకో, తెల్లావు బయట ఉండిపోతుంది. అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా లోపలికి వచ్చేస్తుంది. అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నది అంటే ఏ ఆవుకీ సరిపోదు, అసంభవం. ఇవేవీ కాక గంగడోలు పట్టుకున్నారు. ఎంతమంది ఎన్ని ఆవుల్ని చూస్తే ఆ మెడ కింద వేలాడే తోలు మీద చూపు ఆగి ఉంటుందో! నీ వాక్యంలో మొదటి రెండు దోషాలూ ఒకేసారి ఉన్నాయి. అది మామూలు విషయం కాదులే.

రెండో పేజీలో "జానపదులు పాడేది జానపదం" అని సర్దుకున్నావు. జానపదులెవరమ్మా? జానపదాలు పాడేవాళ్ళా? దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు. ఇద్దరు తాగుబోతులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డట్టు.

ఇక విభజన. స్త్రీల పాటలు, పని పాటలు, లాలి పాటలు, తెలంగాణ పాటలు అని నాలుగు రకాలు చేశావు. నల్గొండలో నాట్లేస్తూ ఆడవాళ్ళు పాడే పాటని ఏ గంపలో వేస్తావు? మూడింట్లోనూ పడుతుంది. పాడేవాళ్ళని బట్టి విడదీస్తావో, సందర్భాన్ని బట్టో, ప్రాంతాన్ని బట్టో, ఒక్కటే ఎంచుకో. మిగతావి దాని లోపల చిన్న భాగాలుగా రావచ్చు.

నేనూ పడ్డాను ఇలాగే. కుర్రతనంలో "తంబురా మీటుతూ వంతలతో చెప్పే కథ బుర్రకథ" అని ఒక పత్రికకి రాసి పంపాను, వాళ్ళూ వేసేశారు. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది: "మరి జంగం కథ?" అంతే ఉంది అందులో. జంగం కథకీ తంబురా, వంతలూ ఉంటాయి మరి. రెండు రోజులు ఒకటే టెన్షన్.

ఇంకో మాట. "జానపదం" అన్న మాట పాడేవాళ్ళది కాదు. వాళ్ళకి నాట్ల పాట ఉంది, కోలాటం పాట ఉంది, జోల ఉంది. వీటన్నిట్లో తేడాలు పక్కనపెట్టి, నోటి నుంచి నోటికి మారుతూ రావడం అనే పోలికని పైకి తీసి, చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న పేరది. అందుకని నువ్వు కూడా నిర్వచనం పక్కన పడేసి నీ నోట్‌బుక్ తెరువు. ఒక్కో పాట ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరుచుకో. పోలికలు వాటంతటవే కనబడతాయి. తర్వాత ఒక వాక్యం రాసి, దానికి లొంగని చీటీ ఉందేమో వెతుకు. ఉంటే వాక్యం మార్చు, చీటీని దాచకు.

మీ అమ్మమ్మ పాడిన జోలలో రెండో చరణం సరిగా వినబడలేదని రాశావు. మళ్ళీ అడిగి రాసుకుని పంపు, ఆవిడ ఓపికగా ఉన్నప్పుడే.