వేలూరులో గది, ఒంగోలులో ఫిర్యాదు

ప్రశ్న: మా అమ్మగారి గుండె శస్త్రచికిత్స కోసం వేలూరు వెళ్లి, ఆసుపత్రికి దగ్గరలో వంటకు వీలున్న ఒక గదిని రోజుకు 700 రూపాయల చొప్పున తీసుకుని 24 రోజులు ఉన్నాము. దిగిన రోజే యజమాని 10,000 రూపాయల అడ్వాన్సుతో పాటు అమ్మ అసలు ఆధార్ కార్డు కూడా తీసుకున్నారు. డబ్బంతా ఫోన్‌లోనే పంపించాము, రసీదు ఒక్కటీ ఇవ్వలేదు. ఖాళీ చేసే రోజున నీళ్ల మోటారు మా వల్లే కాలిపోయిందని, అడ్వాన్సు తిరిగి రాదని చెప్పి, తమిళంలో రాసిన ఒక కాగితం మీద సంతకం చేస్తేనే ఆధార్ ఇస్తామన్నారు. రైలు వేళ దాటిపోతుంటే సంతకం చేసి వచ్చేశాను. ఆ మోటారు మూడు అంతస్తులకూ ఒక్కటే. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఊరికి వచ్చేశాక ఇక చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఉందమ్మా, అందుకోసం మీరు మళ్లీ వేలూరు వెళ్లనవసరం కూడా లేదు. రోగిని వెంటబెట్టుకుని వచ్చినవారు తగవు కోసం ఒక్క రోజు కూడా ఆగలేరన్న సంగతి ఆ యజమానికి తెలుసు, ఆ నిస్సహాయత మీదే ఆయన ఒత్తిడి పెట్టారు. అక్కడ గదులిచ్చే వారందరూ ఇలాంటివారని అనను, రోగికి తామే గంజి కాచి ఇచ్చే ఇంటివారూ ఉన్నారు. కానీ మీకు జరిగింది అన్యాయం, దానిని వదిలేయవద్దని నా సలహా.

ముందు ఆ సంతకం సంగతి చూద్దాము, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒకరిని ఒప్పందానికి దింపే ఉద్దేశంతో వారి వస్తువును అక్రమంగా పట్టి ఉంచడం కూడా బలవంతమే అవుతుంది. అలా పుట్టిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు సంతకం చేసిన వ్యక్తికి 19వ సెక్షన్ ఇస్తుంది. అడ్వాన్సు వదులుకుంటేనే ఆధార్ కార్డు ఇస్తామనడం సరిగ్గా ఈ కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. అయితే ఆలస్యం చేస్తే మీ మాట బలహీనపడుతుంది. కాబట్టి ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద, ఆధార్ కార్డు ఇవ్వకుండా ఆపి సంతకం చేయించుకున్నారని, దానికి మీరు కట్టుబడడం లేదని, మోటారు మరమ్మతు బిల్లు చూపాలని, లేదా 15 రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని అందులో రాయండి. ఆయనకు అర్థమయ్యేలా తమిళంలోనో ఇంగ్లిషులోనో రాయించి, నకలు, పోస్టాఫీసు రసీదు మీ దగ్గర ఉంచుకోండి.

దానికీ స్పందన రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంటిని కేవలం అద్దెకు తీసుకుంటే, ఆ తగవు సాధారణంగా వినియోగదారుల చట్టం కిందికి రాదు, సివిల్ కోర్టుకో అద్దె అధికారుల దగ్గరకో వెళ్లాలి. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ అన్న మాటను నిర్వచించినప్పుడు అందులో బసను, భోజన వసతిని పేరుపెట్టి చేర్చింది. రోజు లెక్కన డబ్బు తీసుకుని, మంచం, పొయ్యి, నీళ్లు, కరెంటు తామే సమకూర్చి, వచ్చిపోయే వారికి ఇచ్చే గది బస కిందికే వస్తుందని గట్టిగా వాదించవచ్చు. అందువల్ల మీ ఫిర్యాదులో ‘ఇల్లు అద్దెకు తీసుకున్నాము’ అని రాయకుండా, రోజుకు ఎంత చెల్లించారో, ఆ గదిలో ఏయే వసతులు ఇచ్చారో విడివిడిగా రాయండి. ఈ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, మీ జిల్లా కమిషన్ ఒంగోలులోనే ఉంది. సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు, వకీలు తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మీ సమస్య నమోదు చేయించుకోవచ్చు, కొన్నిసార్లు అక్కడితోనే అవతలివారు దిగివస్తారు.

రసీదు లేదని దిగులు పడకండి. మీ ఫోన్‌లోని చెల్లింపుల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలు, ఆసుపత్రి చేరిక, డిశ్చార్జి తేదీలు కలిసి మీరు అక్కడ ఎన్నాళ్లున్నారో, ఎంత ఇచ్చారో చెబుతాయి. వీలైతే అదే భవనంలో ఉన్న మరో కుటుంబం చేత మోటారు అందరికీ ఒకటేనని రెండు ముక్కలు రాయించుకోండి, ఈ కేసులో అంతకన్నా విలువైన కాగితం ఉండదు.

అమ్మగారిని పరీక్షలకు మళ్లీ తీసుకువెళ్లేటప్పుడు మాత్రం అసలు ఆధార్ ఎవరి చేతిలోనూ పెట్టకండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ నకలు ఇవ్వండి. గదిలో దిగిన రోజూ, వదిలిన రోజూ కుళాయిలు, స్విచ్చులు, గోడలు కనిపించేలా చిన్న వీడియో తీసుకోండి. సామాను బయటికి తీసుకుపోనివ్వకుండా అడ్డుకుంటే వాదించకుండా 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న: గోవాలో మూడు రాత్రులకు ఒక బుకింగ్ యాప్ ద్వారా ఇల్లు తీసుకుని ముందే మొత్తం చెల్లించాము. అక్కడికి చేరాక ఏసీ వాడకానికి విడిగా 4,000 రూపాయలు నగదుగా ఇస్తేనే తాళాలు ఇస్తామన్నారు. రాత్రి పదింటికి పిల్లలతో ఎక్కడికి పోతామని ఇచ్చేశాము. మా తప్పేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ వేళ పిల్లలకు నీడ చూసుకోవడం తప్పెలా అవుతుంది? అయితే నగదుకు బదులు యూపీఐలో పంపి, ఎందుకు పంపుతున్నారో యాప్‌లోని సందేశంలో అప్పుడే రాసి ఉంటే ఆధారం మిగిలేది. ఇప్పటికైనా ఆ రాత్రి జరిగినది యాప్ సంస్థ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం తప్పనిసరి ఛార్జీలన్నీ ముందుగానే ధరలో విడివిడిగా చూపాలి. ఫిర్యాదు అందినట్లు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. బుకింగ్ పేజీలో ఏసీ ఛార్జీ ప్రస్తావన లేదని చూపే స్క్రీన్‌షాట్‌ను, యజమాని ఆ పేజీని మార్చకముందే, ఈ రోజే తీసి పెట్టుకోండి.