ఉద్యోగం మానేస్తే సంతోషం వస్తుందా?

ప్రశ్న: ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. బాబుకి అయిదో నెల. ప్రసూతి సెలవు వచ్చే నెలతో అయిపోతుంది. "ఫెమినిజం వచ్చాకే ఆడవాళ్లకి సుఖం లేకుండా పోయింది, అమెరికా సర్వేల్లోనే తేలింది. క్రెచ్‌కి పోసే డబ్బు మిగులుతుంది, ఇంట్లో ఉండు" అంటున్నారు మామగారు. మావారు ఎటూ మాట్లాడరు. నాకు మానేయాలని లేదు, కానీ ఇప్పటికే అలసిపోతున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మామగారు చెప్పిన పరిశోధన ఉన్నమాట నిజమే. 1970ల నుంచి అమెరికా మహిళలు చెప్పుకునే సంతోషం తగ్గుతూ వచ్చిందని ఆర్థికవేత్తలు బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వుల్ఫర్స్ 2009లో చూపించారు. ఫెమినిజమే కారణమని వాళ్లు తేల్చలేదు. పైగా ఆ తగ్గుదల ఉద్యోగినుల్లోనూ, ఇంటిపట్టున ఉండేవాళ్లలోనూ కనబడింది. కాబట్టి మానేస్తే సుఖపడతారన్న హామీ అందులో లేదు.

మీ అలసట సంగతికి మన దేశపు లెక్కే దగ్గర. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. ఆడవాళ్లు ఆఫీసుకి వెళ్లారు గానీ, వంటింటి బరువు మగవాళ్ల చేతికి వెళ్లలేదు. ముందు తేల్చుకోవలసింది అదే.

ఒక వారం పాటు ఇద్దరి పనులూ కాగితం మీద రాయండి. టీకా తేదీ, గ్యాస్ బుకింగ్ గుర్తుపెట్టుకోవడం కూడా పనే, రాయండి. తర్వాత సాయం అడగకండి, పనులు మొత్తంగా పంచుకోండి. టిఫిన్ ఆయనదంటే ముందురోజు మినప్పప్పు నానబోయడం నుంచి, పిండి రుబ్బి, అట్లు పోసి, పెనం కడిగేదాకా ఆయనదే. చాలా ఇళ్లలో పంపకం చెడేది ఇక్కడే: ఆయన అట్టు పోస్తారు, మిగతాదంతా ఆవిడ చూస్తుంది. అట్టు మందంగా వచ్చిందని మీరు గరిటె అందుకున్నా ఆ పని మళ్లీ మీదే అవుతుంది.

క్రెచ్ ఫీజు మీ ఒక్కరి జీతంలోంచి తీసివేసి చూడటం తప్పు లెక్క. బిడ్డ ఇద్దరికీ బిడ్డే. ఇద్దరి జీతాలు కలిపి అందులోంచి తీయండి. మానేస్తే పోయే పీఎఫ్, ఇంక్రిమెంట్లు కూడా కలపండి. అయిదేళ్ల సర్వీసు నిండకపోతే సాధారణంగా గ్రాట్యుటీ కూడా రాదు.

50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ వసతి కల్పించాలి, రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసిరానివ్వాలి. బాబుకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజూ రెండు విరామాలు మీ హక్కు. ఇవన్నీ ఇప్పుడే హెచ్‌ఆర్‌కి మెయిల్‌లో అడగండి. నోటిమాటగా అడిగితే రుజువు మిగలదు.

ఇంట్లో ఉండాలని మీకే అనిపిస్తే అదీ సరైన నిర్ణయమే. అప్పుడు నెలనెలా మీ ఖాతాలో కొంత మొత్తం, మీ పేర ఆరోగ్య బీమా, ఆరు నెలల తర్వాత మళ్లీ ఆలోచించుకునే తేదీ ముందే ఖాయం చేసుకోండి.

ప్రశ్న: కట్నం ఇచ్చాం కనుక పిత్రార్జితంలో వాటా లేదంటూ అన్నయ్య సంతకం అడుగుతున్నాడు. పెట్టనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడకండి. కట్నంతో వాటా పోదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ పెళ్లయిన కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం అది తిరగదోడదు. కాబట్టి ముందు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, పాత పంపకం ఏమైనా ఉందేమో చూడండి. హక్కు విడుదల పత్రం ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ముసాయిదా వకీలుకి చూపించాకే సంతకం మాట.