జీడీలో తలదించుకునే అమ్మాయికి బాడీ లాంగ్వేజ్ కోర్సు కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్. మాక్ గ్రూప్ డిస్కషన్ (జీడీ)లో తలదించుకుని కూర్చుందట, బాడీ లాంగ్వేజ్ వీక్ అన్నారు. అమీర్‌పేటలో 30 వేల కోర్సులో చేర్చాలా, స్నేహితులతో ప్రాక్టీస్ చాలా? పెద్దల ముందు తలెత్తకుండా పద్ధతిగా పెంచాం. ఇంటికి ఎవరొచ్చి ఏమడిగినా తన తరఫున మేమే చెప్పేస్తాం.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఈ ప్రశ్న నాకు వారానికొకటి వస్తుంది. పైకి కోర్సు గురించే అడుగుతారు కానీ లోపలి టెన్షన్ వేరు. మా పిల్ల నలుగురిలో నెగ్గుకురాగలదా అని. తప్పకుండా వస్తుంది. తక్కువ మాట్లాడేవాళ్లు జీడీ దాటడం చాలాసార్లు చూశాను.

ఇలాంటి కోర్సుల మీదే నాకు అనుమానం. మాటల ప్రభావం 7 శాతమే, గొంతుది 38, ముఖానికీ ఒంటికీ 55 అని చెబుతుంటారు. అవి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల అంకెలు. ఎదుటివాళ్లకి మనమంటే ఇష్టమా కాదా అన్నది ఎలా పసిగడతామన్నదే అక్కడి విషయం. అన్ని మాటలకూ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. ఛాతీ విరుచుకు నిలబడితే హార్మోన్లే మారిపోతాయన్న ‘పవర్ పోజ్’ సంగతీ అంతే. 2010లో ఆ పరిశోధన చేసిన ముగ్గురిలో ఒకరైన డానా కార్నీ, 2016లో ఆ ప్రభావం నిజమని నమ్మడం లేదని రాశారు. వీటికోసం 30 వేలు పోయకండి.

ఈమధ్య ఒక మాక్ జీడీలో ఒకబ్బాయి బల్ల గుద్ది మరీ మాట్లాడాడు, చూపంతా నా మీదే. ఓ అమ్మాయి పెన్ను మూత తీస్తూ పెడుతూ చాలాసేపు నోరు విప్పలేదు. కానీ ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తిరిగి వింటోంది. పక్క కుర్రాడి మాట రెండోసారి తెగిపోగానే, ‘ఆయన్ని పూర్తి చేయనివ్వండి’ అంది. అందరూ అటు తిరిగారు. ఆ తర్వాత ఆమె మాట్లాడుతుంటే ఒక్కరూ అడ్డుపడలేదు. ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను.

కటువుగా అంటున్నా, ఏమనుకోకండి. ఇరవయ్యేళ్లుగా ఆమె జవాబులన్నీ మీరే చెప్పి, తలెత్తడమే తప్పన్నట్టు పెంచి, ఇప్పుడు ప్యానెల్ ముందు ఉన్నట్టుండి తలెత్తమంటే ఎలా? ఇందులో పిల్ల తప్పేముంది?

ప్రాక్టీసుకి క్లాసులో ఆరుగురు చాలు. వారానికి రెండుసార్లు, పావుగంట, ఫోన్‌లో వీడియో తీసుకుంటూ. ఒకసారి సౌండ్ తీసేసి చూడమనండి, ఎవరు ఎవరిని వింటున్నారో ఇట్టే తెలుస్తుంది. మొదటి వారం, ఇంకొకరి మాట అందుకుని రెండుసార్లు మాట్లాడితే చాలు. మీరు చేయాల్సిందీ ఒకటుంది. ఈసారి చుట్టాలెవరైనా ‘ఏం చేస్తున్నావమ్మా’ అని ఆమెను అడిగితే, తను మాటలు వెతుక్కునేదాకా మీరు నోరు విప్పకండి.