బడి ముచ్చట్లు: అడిగారు, చెబుతున్నాం

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలు 52 మందిని ఒక్కరోజు విహారయాత్రకు తీసుకెళ్లాలి. ఆటా కావాలి, పాఠానికీ పనికిరావాలి. ఎక్కడికి, ఎప్పుడు వెళ్తే మంచిది?
– క్లాస్ టీచర్, గోపాలపట్నం

జవాబు: విశాఖ నుంచి భీమిలి రోడ్డు పట్టండి మాస్టారూ. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి ఒకే దారిలో ఉన్నాయి. నవంబరు నెలాఖరు దాటాక పెట్టుకోండి. అక్టోబరు మనకు తుపాన్ల నెల, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే.

పొద్దున్నే 7కి బయల్దేరి నేరుగా దిబ్బలకు వెళ్లండి. అక్కడ నీడ తక్కువ, 10 దాటితే ఇసుక కాలుతుంది. గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లుగా పేరుకుని, రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందని అక్కడే నిలబెట్టి చెప్పండి. వాన నీళ్లు కోసిన గెడ్డల అంచులు గట్టిగానే కనిపిస్తాయి గానీ లోపలంతా వదులు ఇసుక. బరువు పడితే పెళ్లలుగా విరిగి పడతాయి. అంచుకు రెండు మీటర్ల ఇవతలే ఆపాలి, కింద గోడల పక్కన కూర్చోనివ్వకూడదు. అది జాతీయ భూవారసత్వ స్థలం. గుర్తుగా సీసాలో మట్టి పట్టుకురావడం తప్పని ముందే చెప్పాలి. లెక్కల పాఠం కూడా అక్కడే చేయించవచ్చు: మీటరు కర్ర నీడను, తాటిచెట్టు నీడను ఒకే సమయంలో కొలిస్తే సరూప త్రిభుజాలతో చెట్టు ఎత్తు తేలుతుంది.

భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూపించండి. నీళ్లలోకి మాత్రం ఒక్కరినీ దిగనివ్వద్దు, పాదాలు తడుపుకుంటామన్నా సరే. మన తీరం కొన్నిచోట్ల ఉన్నట్టుండి లోతవుతుంది. లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు, నది మొగ దగ్గర మరీ ప్రమాదం. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

తిరుగు దారిలో 3 గంటలకు తొట్లకొండ. కొండ మీద బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. అక్కడ రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ నాణేలు ఈ కొండెక్కడానికి దారి ఏమిటో పిల్లలనే ఊహించి రాయమనండి.

ఎనిమిదేసి మందికి ఒక నాయకుడు. బస్సు కదిలే ప్రతిసారీ తలలు కాదు, రోల్ నంబర్లు పిలవాలి. ఉత్త లెక్కలో ఒకడు రెండుసార్లు లెక్కకొస్తాడు, ఇంకొకడు తప్పిపోతాడు. మనిషికి లీటరున్నర నీళ్లు. మధ్యాహ్నానికి పులిహోర పెట్టండి. పెరుగన్నం బస్సు వేడికి పులిసిపోతుంది. వాంతులయ్యే పిల్లలకు ముందు సీట్లు ఇచ్చి, చేతికి కవర్లివ్వండి. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, పిల్లలు వాడే మందుల పట్టిక ప్రతి బస్సులోనూ ఒకటుండాలి.

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గోడపత్రిక పెడుతున్నాం. నిరుడు వారానికే కాగితాలు వంగి ఊడిపోయాయి.
– తొమ్మిదో తరగతి విద్యార్థులు, పెందుర్తి

జవాబు: వానాకాలపు చెమ్మ, పైగా సముద్రపు గాలి. మైదా జిగురు ఆరదు, బూజు పడుతుంది, బొద్దింకలు చేరతాయి. థర్మకోల్ పలక మీద చార్టు పరిచి, ఒక్కో కాగితాన్ని నాలుగు మూలలా గుండుసూదులతో గుచ్చండి. బయటిగోడకు కాదు, వరండా లోపలి గోడకు పెట్టండి. స్కెచ్ పెన్ రంగు చెమ్మకు పాకుతుంది, బాల్‌పెన్‌తో రాయండి. రచనలు 20వ తేదీకల్లా తీసుకుంటే తప్పులు దిద్దడానికి వారం మిగులుతుంది. ఆ రోజు వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి కాబట్టి ఒక్క పేజీ అయినా మీ ఇళ్లలో మాట్లాడే మాటల్లోనే రాయండి.

ప్రశ్న: పదో తరగతి వీడ్కోలు సభ ఫిబ్రవరి ఆఖర్లో పెడదామని మావాళ్లంటున్నారు. మార్చిలో పరీక్షలు. సరేననమంటారా?
– క్లాస్ లీడర్, గాజువాక

జవాబు: వద్దమ్మా. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి శనివారం పెట్టండి. డాన్సుల సాధన రోజూ ముప్పావు గంట, పది రోజులు చాలు. చందా ఎవరెవరిచ్చారో బోర్డు మీద రాయకండి, ఇవ్వలేని వాళ్లు సభకే రాకుండా పోతారు. ఫిబ్రవరిని పాత ప్రశ్నపత్రాలకు ఉంచండి. వంద మార్కుల పేపరుకు ఇచ్చే 3 గంటల 15 నిమిషాల్లో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఇంట్లోనూ గడియారం పెట్టుకుని అలాగే, పొద్దున 9:30కే మొదలుపెట్టి రాయండి.